అర హాజరు

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. వినబడలేదంటే ఒప్పుకోను. వినబడింది, విననట్టు కూర్చున్నారు. నేను చదివిన కాలేజీకి రిజిస్టర్డ్ పోస్టులో ఎన్ని ఉత్తరాలు పంపానో నా దగ్గర రసీదులున్నాయి. అందినట్టు సంతకం చేసిన కార్డులు కూడా ఉన్నాయి. సంతకం పెట్టడానికి తీరిక దొరికిన వాళ్లకు జవాబు రాయడానికి దొరకలేదు. ఒకసారి నేనే పట్నం వెళ్లి ఆఫీసులో నిలబడి అడిగాను. పాత కాగితాలు చెదలు తిన్నాయన్నారు. చెదలు నా ఒక్కడి కాగితాలే వెతుక్కుని తిన్నాయా అన్నాను. "పెద్దవారు, కూర్చోండి, చాయ్ తాగుతారా?" అన్నారు. నేను చాయ్ కోసం వికారాబాద్ నుంచి రైలెక్కి పోలేదు.

చిన్న విషయం అంటారు. ఎప్పుడో బీకాం పిల్లవాడు రాసిన రిపోర్టు, దాని గురించి ఇంత పట్టుదలా అంటారు. మా ఇంట్లో వాళ్లూ అదే అంటారు. చిన్నదో పెద్దదో చదివిన వాళ్లు చెప్పాలి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వికారాబాద్. స్టేషన్ వెనక, పట్టాలకు దగ్గరగా ఇల్లు. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు నాకు ఐదేళ్లు. మా నాయన రైల్వేలో పట్టాల మీద పని చేసేవాడు. అమ్మ ధారూర్ వైపు చేన్లలో కూలికి పోయేది. చర్చి వాళ్ల బడిలో చదివాను. మా వాడలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. కాలేజీలో నా పక్కన కూర్చున్న వాళ్లకు సందేహం వస్తే అడగడానికి ఇంట్లో అన్నో బాబాయో ఉండేవారు, నాకు ఎవరూ లేరు. ఉన్నదల్లా అమ్మ పొలం నుంచి తెచ్చిన తెలివి.

ఆ తెలివి వల్లే నేను తప్పు చేశాను. అదీ ముందే చెప్తాను, దాచడానికి నాకేం లేదు.

అమ్మ కూలికి పోయేటప్పుడు జొన్నరొట్టె, పచ్చడి గుడ్డలో కట్టుకుని పోయేది. ప్రతి ఆడమనిషీ తన సద్ది తాను కట్టుకునేది. గట్టు మీద ఒక కొమ్మకు ఆ మూటలన్నీ వేలాడదీసేవారు. ఎంతమంది వచ్చారో తెలుసుకోవడానికి ఆసామి చేన్లోకి దిగేవాడు కాదు, గట్టు మీద నిలబడి మూటలు లెక్కపెట్టుకునేవాడు. ఎన్ని మూటలో అంతమంది మనుషులు. కలుపు తీసేటప్పుడు వంగిన వీపులను లెక్కపెట్టడం కష్టం. మూటలు కదలవు.

బీకాం చివరి ఏడాదిలో మా లెక్చరర్ అందరికీ ఒక పని పెట్టాడు. ఎవరి ఊరి దగ్గర ఉన్న వ్యాపారాన్ని వాళ్లు చూసి, సరుకు ఒక్కటి తయారు కావడానికి ఎంత ఖర్చవుతుందో రిపోర్టు రాయాలి. అన్నిటికంటే బాగున్నది కామర్స్ సంఘం మీటింగులో చదివిస్తానన్నాడు. రాసిన వాడికి ఎంకాం సీటు కోసం సిఫారసు ఉత్తరం తానే ఇస్తానన్నాడు. నాకు ఎంకాం చదవాలని ఉండేది. ఆ ఉత్తరం తప్ప నాకు వేరే దారి లేదు.

తోటివాళ్లు పట్నం దాటలేదు. కంపెనీలు అచ్చు వేసే వార్షిక నివేదికలు ముందేసుకుని అంకెలు ఎత్తి రాశారు. నేను తాండూరు బండలు తీసుకున్నాను. ఆ నాపరాళ్లు గూడ్సు బండ్లలో మా ఇంటి ముందు నుంచే పోయేవి. వాటి మీద సగం దేశం నడుస్తుంది. ఒక బండకు ఎంత ఖర్చవుతుందో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

దసరా సెలవుల్లో పొద్దుటి పాసింజరులో తాండూరు పోయాను. స్టేషన్ నుంచి గని దాకా నడక. గని అంటే భూమిలో పెద్ద గుంట. పొరలు పొరలుగా రాయి. మగవాళ్లు ఉలి పెట్టి పొర లేపుతారు, సుత్తెతో కొట్టి చూస్తారు. గణగణ మోగితే మంచి బండ. మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. పగిలిందీ, చెక్కలుగా రాలిందీ అంతా తట్టలకెత్తి పైకి మొయ్యాలి. గుంట నిండా దుమ్ము, పైకీ కిందికీ తిరిగే మనుషులు. కొందరు తెలుగు, కొందరు కన్నడం.

గని గుమస్తా నన్ను కిందికి దిగనివ్వలేదు.

"నువ్వు సదువుకునే పోరనివి. రాయి మీదవడితె మీ నాయినకు ఎవలు జవాబు చెప్తరు? జర గీడ నీడల కూసో."

"ఎంతమంది పని చేస్తరో చూడాలె సాబ్."

"హాజరు పట్టి ఉన్నది గదా. ఇరవై ఇద్దరు. రాసుకో, పో."

ఆయన చెప్పింది రాసుకుని పోవడానికి నేను రాలేదు. కూర్చున్న పాక వాసాలకు సద్ది మూటలు వేలాడుతున్నాయి, కుక్కలకు అందకుండా. నాకు ప్రాణం లేచి వచ్చింది. లెక్కపెట్టాను. ఇరవై రెండు. హాజరు పట్టీతో సరిపోయింది. పగటి బండికి తిరిగి రావాలి కనుక వాళ్లు అన్నానికి పైకి వచ్చేలోపే లేచి వచ్చేశాను.

ఆ లెక్కతో మొదటి ముసాయిదా రాసి ఇచ్చాను. పట్టీలో అంకెను నా సొంత ఉపాయంతో సరిచూశానని గర్వంగా రాశాను. లెక్చరర్ దాన్ని క్లాసులో పైకి చదివాడు. "చూడండి, పరిశీలన అంటే ఇది" అన్నాడు. ఆ మాట అన్నట్టు తర్వాత ఒప్పుకోలేదు, కానీ క్లాసంతా విన్నది. అంతటితో ఆపలేదు. "బండకు ఎంత రాయి వ్యర్థమవుతుందో రాయలేదు. ఆ వ్యర్థం మోయడానికి ఖర్చు ఎంత? మళ్లీ పోయి చూసి రా" అన్నాడు. గుర్తుంచుకోండి, నన్ను రెండోసారి పంపింది ఆయనే.

చలికాలంలో మళ్లీ పోయాను. ఈసారి సాయంత్రం బండి దాకా ఉండదలుచుకున్నాను. పాకలో మూటలతో పాటు ఒక చీర ఉయ్యాల కూడా వేలాడుతోంది, అందులో పసిగుడ్డు. గుంటలోంచి ఒకామె వచ్చి పిల్లకు పాలిస్తూ నన్ను చూసింది. తలమీద గుడ్డచుట్ట, ఒళ్లంతా బూడిద రంగు దుమ్ము.

"ఏం తమ్మీ, మల్లొచ్చినవ? ఆనాడు మా సద్దులు లెక్కవెట్టినవంట. దొంగతనానికి వచ్చిండేమో అనుకున్నం."

"మనుషులను లెక్కవెట్టిన అక్కా. ఇరవై ఇద్దరు."

ఆమె నవ్వింది. పిల్ల పాలు విడిచి ఏడ్చేంత నవ్వింది.

"గంత సదివినవ్, మూటలు లెక్కవెడితె మనుషులైతరా? మాది ఇద్దరికి ఒక్కటే మూట. జోడి కూలోళ్లం. మొగడు రాయి కొడ్తడు, నేను చెత్త మోస్త. ఇద్దరికి ఒక్క పని, ఒక్క కూలి, ఒక్క సద్ది."

"మీ పేరు పట్టీలో లేదా?"

"నా పేరెందుకుంటది? నన్ను ఎవలు వెట్టుకున్నరు? ఆయనను వెట్టుకున్నరు. ఆయనతోని నేనొచ్చిన." ఆమె పిల్లను ఉయ్యాల్లో వేసి తట్ట అందుకుంది. "నీ కాయిదంల గట్లనే రాసినవా, ఇరవై ఇద్దరని?"

రాశానన్నాను.

"అయితె నన్ను తీసేసినట్టే గదా తమ్మీ. ఆ గుమస్తాకు తోడు నువ్వొకనివి."

నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు. పడి ఊరుకున్నవి తక్కువ. ఆ రోజు పడ్డాను, ఎందుకంటే న్యాయంగా తగిలింది. అన్నాల వేళ గుంటలోంచి అందరూ పైకి వచ్చి ఒక్కో మూట చుట్టూ ఇద్దరిద్దరు కూర్చున్నారు. బండలను బండ్లకెత్తే ముగ్గురు మగవాళ్లు మాత్రం ఒంటరిగా తిన్నారు. తలలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. మా అమ్మ కూలికి పోయే పొలంలో సద్ది మనిషికి ఒకటి. ఇక్కడ జోడికి ఒకటి. మా వాడ కొలతను తెచ్చి ఆ గని మీద పెట్టి, పంతొమ్మిది మంది ఆడవాళ్లను నేను మాయం చేశాను.

గుమస్తా దగ్గరికి పోయి హాజరు పట్టీ చూపించమన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. బీడీ కాలుస్తూ పుస్తకం నా ఒళ్లో పడేశాడు. పూర్తి రోజుకు నిలువు గీత, అర రోజుకు చుక్క. మగ పేర్లే ఉన్నాయి. ఒక పేరు పక్కన వరసగా పది చుక్కలు.

"ఈయనకు పానం బాగలేకుండెనా?" అని అడిగాను.

"ఎవనికి? వాడు దున్నపోతు లెక్కనున్నడు. రోజు వచ్చిండు."

"మరి పది దినాలు అర హాజరు వడ్డది?"

"వాని పెండ్లం పురుడు పోసుకున్నది. ఒక్కడొచ్చి ఏం జేస్తడు? రాయి కొట్టి కొట్టిన కాడ్నే కుప్ప వోస్తడు. చెత్త ఎవలు మోస్తరు? జోడి ఇరిగింది, అందుకే అర."

"అంటే ఆమె పని సగం అని మీరే రాసిన్రు."

"నేనేడ రాసిన? ఆమె పేరే లేదు గదా!" ఆయనకు నిజంగానే నా ప్రశ్న అర్థం కాలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె పనికి వచ్చిన రోజుల్లో ఆ పుస్తకంలో ఆమె ఎక్కడా లేదు. రాని రోజుల్లో మాత్రం ఉంది. ఒక పురుడు ఆ పుస్తకంలో పది చుక్కలుగా ఉంది. పదకొండో రోజు నుంచి మళ్లీ నిలువు గీతలు, అంటే పదకొండో రోజు ఆమె తట్ట ఎత్తింది. ఆ పది చుక్కలు ఉయ్యాల్లో ఉన్న పిల్లవి. ఆ పేరు నాతో మాట్లాడిన ఆమె భర్తదేనని గుమస్తాను అడిగి తెలుసుకున్నాను.

లెక్చరర్ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే. వ్యర్థం మోసే ఖర్చు పుస్తకంలో ఎందుకు కనబడదంటే, మోసేవాళ్లు పుస్తకంలో లేరు. బండ ధర కట్టేటప్పుడు ఆ పనికి ఏమీ వెయ్యరు. చౌకగా దొరికే రాయి అనుకుంటాం. చౌక రాయిది కాదు.

సాయంత్రం బయలుదేరేటప్పుడు ఆమె గుంట గట్టు మీద నుంచి అరిచింది. "ఈసారన్న ఎక్కిచ్చు తమ్మీ నన్ను!" ఎక్కిస్తానన్నాను. పేరు అడిగితే చెప్పింది. రాయొచ్చా అంటే, "రాయి, ఎవలు సదువుతరు గని" అంది. ఆ పేరు ఇక్కడ రాయను. రిపోర్టులో రాశాను. అక్కడే కనిపించాలి.

రిపోర్టు అంతా మళ్లీ రాశాను. మొదటి లెక్క ఎందుకు తప్పిందో ఒక పేజీ రాశాను. తప్పు దాచి అంకె మార్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు, తప్పు చెప్పుకోవడమే పరిశోధన అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే రాసి ఉండేది. ఉన్నది ఒకటే ప్రతి. టైపు చేయించే స్తోమత లేక చేత్తో రాసిందే ఇచ్చాను.

రిపోర్టు మీద మౌఖిక పరీక్ష రోజున మా లెక్చరరూ, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఇంకొకాయనా కూర్చున్నారు. బయటి ఆయన నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మొదలుపెట్టాడు.

"దసరాకు ఇరవై రెండు. ఇప్పుడు నలభై ఒకటి. మూడు నెలల్లో ఇంతమంది ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చారయ్యా?"

"పుట్టింది ఒక్కరే సార్. మిగతా వాళ్లు ముందు నుంచీ ఉన్నారు."

నేను పొగరుగా అనలేదు. ఉన్నమాట అన్నాను. కానీ ఆయన మొహం మాడిపోయింది. సద్ది మూటల సంగతి చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కాస్ట్ అకౌంటింగ్‌లో అన్నం మూటలు ఏ చాప్టర్‌లో ఉన్నాయి?" అన్నాడు బయటి ఆయన. మా లెక్చరర్ నవ్వాడు. దసరా తర్వాత అదే మూటల లెక్కను క్లాసులో మెచ్చుకున్న నోటితోనే నవ్వాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. గని యజమానికి తానే ఉత్తరం రాసి తెప్పించుకున్నాడట. పనివాళ్లు ఇరవై ఇద్దరు, అందరూ మగవాళ్లు, కింద సేటు సంతకం.

"ఇది సంతకం ఉన్న కాగితం. నీ దగ్గర ఏముంది?"

"నేను కళ్లతో చూశాను సార్."

"దసరాకు కూడా కళ్లతోనే చూశావు కదా!"

"పట్టీలో పది చుక్కలు ఉన్నాయి సార్. ఆ చుక్కలు ఎందుకు పడ్డాయో సేటునే అడగండి."

అప్పుడు మా లెక్చరర్ అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఆయన పరాయి ప్రాంతం వాడు కాదు. మా దిక్కువాడే, బొంరాస్‌పేట వైపు పెద్ద సేద్యం ఉన్న ఇంటి బిడ్డ. కుర్చీలో వెనక్కి వాలి, క్లాసు భాష వదిలేసి ఇంటి భాషలో అన్నాడు. "అరే, ఇండ్ల కొత్తేమున్నది? మా ఇంట్ల జీతగాడు వస్తే వాని పెండ్లం ఎనుకనే వస్తది. పెండ దీస్తది, వాకిలి ఊడుస్తది. ఆమెకు ఎవడన్న పద్దు రాస్తడా? గిది అందరికెర్కనే. దీన్ని రీసెర్చ్ అంటరా?"

అని, ఎర్రసిరా కలం తీసుకుని, నా రిపోర్టు అట్ట మీద ఇంగ్లీషులో రెండు మాటలు రాశాడు. వాటి అర్థం, లెక్కలు కల్పితం. నేను చూస్తుండగానే రాశాడు. రిపోర్టు బీరువాలో పెట్టాడు. తిరిగి ఇవ్వమంటే కాలేజీ ఆస్తి అన్నాడు.

కామర్స్ సంఘం మీటింగులో ఒక సిగరెట్ కంపెనీ మీద రాసిన రిపోర్టు చదివారు. రాసిన వాడు ఆ ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదని నాతో తానే చెప్పాడు. అంకెలన్నీ అచ్చు పుస్తకంలోవి కనుక ఒక్కటీ తప్పు పోలేదు. సిఫారసు ఉత్తరం అతనికి ఇచ్చారు. నేను పాసయ్యాను, ఊరికే పాసయ్యాను. ఎంకాం సీటుకు నేనూ దరఖాస్తు పెట్టాను. ఎవరి ఉత్తరం తెచ్చావని అడిగారు. లేదంటే, మీ లెక్చరర్ ఎందుకివ్వలేదని అడిగారు. ఆ ప్రశ్నకు నేను ఏం చెప్పాలి?

ఎండాకాలంలో తాండూరు పోయాను. ఆమెకు మాటిచ్చాను కనుక జరిగింది చెప్పాలనుకున్నాను. గుంటలోంచి తట్టతో వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"ఎక్కిచ్చినవా తమ్మీ?"

"ఎక్కిచ్చిన. గని బీరువల వెట్టి తాళమేసిన్రు. నువ్వు లేవంటున్నరు, అబద్ధం రాసినవంటున్నరు."

ఆమె తట్ట దించలేదు. అలాగే తలమీద పెట్టుకుని నన్ను చూసింది. "నేను లేకుంటె మరి గీ తట్ట ఎవలి నెత్తి మీదున్నది?" అని, జవాబు కోసం ఆగకుండా కుప్ప దగ్గరికి పోయింది. ఆమె కోపం నా మీద కాదని నేను అనుకోలేకపోయాను. ఇప్పటికీ అనుకోలేను.

నేను వికారాబాద్‌లోనే ఒక ఆఫీసులో గుమస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. లెక్చరర్ ప్రిన్సిపాల్ అయ్యాడు. సన్మానాలు జరిగాయి. ఒక సన్మానానికి నేనూ పోయి వెనక వరసలో కూర్చున్నాను. గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో ఇంటి ఆడవారి శ్రమకు లెక్క లేదని ఆయన అరగంట మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి నా రిపోర్టు ఎక్కడుందని అడిగాను. ఇద్దరు వచ్చి నా భుజాలు పట్టుకుని మెల్లగా బయటికి తీసుకుపోయారు. మెల్లగా తీసుకుపోవడం కూడా అవమానమే.

ఇక కాలేజీ వారికీ, ఆ రోజు ఆ గదిలో కూర్చున్న ఇద్దరికీ నేరుగా చెప్తున్నాను. ఆ సీటు ఇప్పుడు నాకక్కరలేదు. సన్మానం వద్దు, చాయ్ వద్దు. ఒక్క పూటలో, ఒక్క బల్ల దగ్గర, ఒక్క నోటితో రెండు మాటలన్నారు. ఆ ఆడవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే అన్నారు. నేను కల్పించాను అన్నారు. అందరికీ తెలిసింది నేనెలా కల్పిస్తాను? నేను కల్పించింది అందరికీ ఎలా తెలుస్తుంది? రెండింట్లో ఒకటి అబద్ధం. ఆ అబద్ధం ఏదో, ఎవరిదో, కాగితం మీద రాసి సంతకం చేసి నాకు పంపండి.